పెన్న ఒడ్డున, చెరువు కట్ట మీద

గండికోటకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది లోయ అంచుకు పోయి, ఎర్రటి రాళ్ళ గోడల మధ్య పెన్నను చూసి, ఫోటోలు తీసుకుని, ఎండ ముదరకముందే జమ్మలమడుగుకు దిగిపోతారు. లోయ చూడదగ్గదే, అందులో సందేహం లేదు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న చేసిన ఆ పనికి సాటి దక్షిణాదిలో చాలా తక్కువ. అయితే ఆ లోయకు ఎగువన ఒక జలాశయం, దిగువన మరో జలాశయం ఉన్నాయి. వాటి చుట్టూ రెండు మూడు రోజులు తీరిగ్గా తిరిగితే కనిపించేది ప్రకృతి ఒక్కటే కాదు. వాన సరిగ్గా పడని సీమలో, పడిన కాసిన్ని నీళ్ళను ఎక్కడ ఆపాలో, ఎలా ఆపాలో, ఎవరికి ఎంత వదలాలో కొన్ని వందల ఏళ్ళుగా నేర్చుకున్న మనుషుల చేతిపని కూడా కనిపిస్తుంది. ఈ ప్రాంతానికి వచ్చేవాళ్ళు చూడాల్సింది ముఖ్యంగా అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

కార్తీకం నుంచి మాఘం దాకా ఇక్కడికి రావడానికి మంచి కాలం. అప్పటికి వానలు ముగిసి, నీళ్ళు నిండుగా ఉండి, ఎండ ఓర్చుకునేలా ఉంటుంది. జమ్మలమడుగు నుంచి మైలవరం ఆనకట్ట దగ్గరే. పెన్న మీద కట్టిన ఈ జలాశయంలో దాదాపు 10 టీఎంసీల నీళ్ళు నిలుస్తాయి. పొద్దున్నే కట్ట మీదికి ఎక్కితే ఒకవైపు కొండల దాకా పరుచుకున్న నీళ్ళు, ఇంకోవైపు ఆ నీళ్ళతో పండే నల్లరేగడి. పుట్టి వేసుకుని చేపలకు పోయేవాళ్ళు గట్టు వెంబడి వలలు ఎత్తుతుంటారు. వెదురు అల్లి చేసిన గుండ్రటి పుట్టికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఒక్కటే దాన్ని తిన్నగా నడపాలి. అలవాటు లేనివాడు తెడ్డు వేస్తే ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది. ఎక్కడ పట్టు ఎక్కువ, ఎక్కడ గాలి తిరగబడుతుంది అన్నది ఆ నీళ్ళ మీద పెరిగినవాళ్ళకే తెలుస్తుంది.

కట్ట మీద నడిచేటప్పుడు నీళ్ళను మాత్రమే చూస్తూ పోకండి. కాళ్ళ కింద ఉన్నదాన్ని కూడా చూడండి. నీటివైపు వాలులో పేర్చిన రాళ్ళు, నీళ్ళు వదిలే తూములు, నిండిన తర్వాత మిగులు నీరు పోయే దారి. ఈ మూడు ఏ జలాశయానికైనా ప్రాణం. మైలవరంలో ఇనుప గేట్లు, సిమెంటు వచ్చాయి గానీ ఆలోచన పాతదే. ఆ ఆలోచనను రాతి మీద రాసిపెట్టినవాళ్ళు ఈ కడప జిల్లాలోనే ఉన్నారు.

ఆ రాత కోసం కాస్త దారి తప్పి జిల్లాకు ఈశాన్య మూలనున్న పోరుమామిళ్ళకు పోవాలి. అక్కడి భైరవాలయం దగ్గర రెండు రాతిపలకల మీద 1369లో చెక్కించిన సంస్కృత శాసనం ఉంది. చెరువు కట్టించినవాడు విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలినవాడు. చెరువు పేరు అనంతరాజసాగరం. రాజుల శాసనాలంటే బిరుదులూ దానాలూ అనుకుంటాం. ఈ శాసనం అలా ఆగిపోదు. చెరువు కట్టాలంటే ఏమేమి ఉండాలో పన్నెండు అంగాలు చెబుతుంది, ఏమేమి ఉండకూడదో ఆరు దోషాలు చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా రాస్తుంది. దేశంలో చెరువు కట్టే విద్య గురించి ఇంత స్పష్టంగా చెప్పిన శాసనాలు అరుదు.

ఆ పన్నెండు అంగాలలో మొదటివి మనుషుల గురించి: కీర్తి కోరే ధనవంతుడైన రాజు, జలశాస్త్రం చదివిన పండితుడు. చివరిదీ మనుషుల గురించే: కట్టడం పని తెలిసిన కూలీల గుంపు. వాళ్ళను శాసనం మరిచిపోకపోవడం నాకు చాలా ఇష్టమైన సంగతి. నడుమ ఉన్నవన్నీ నేల గురించి. అడుగున గట్టి బంకమన్ను ఉండాలి, లేకపోతే నీరు ఇంకిపోతుంది. తీపినీటి ఏరు మూడు యోజనాల దూరం నుంచి రావాలి, అంటే నీళ్ళు పోగయ్యే నేల ఎగువన పెద్దదిగా ఉండాలి. ఏటికి ఆనుకుని కొండ ఉండాలి, ఆ కొండల నడుమ గట్టి రాతికట్ట మరీ పొడవు కాకుండా పడాలి. కట్ట ఎంత పొట్టిదైతే అంత ఖర్చు తగ్గుతుంది, అంత ప్రమాదం తగ్గుతుంది. చెరువు గర్భం వెడల్పుగా, లోతుగా ఉండాలి. ఎండ ఎక్కువగా ఉన్నచోట పలచగా పరుచుకున్న నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి లోతు ముఖ్యం. నిడుపైన రాళ్ళు దొరికే గని దగ్గర్లోనే ఉండాలి. కింద పొలం చదునుగా ఉండాలి.

పోరుమామిళ్ళలో ఈ సూత్రాలను ఎలా పాటించారో కట్ట మీద నిలబడితే తెలుస్తుంది. ఉన్న గుట్టలను అలాగే వదిలి, గుట్టకూ గుట్టకూ మధ్య సందుల్లో మాత్రమే మనుషులు కట్ట వేశారు. కట్ట నీటివైపు మొహానికి కడప బండలు పరిచారు. ప్రకృతి సగం కట్టను ఉచితంగా ఇచ్చింది, మనిషి మిగతా సగం పూర్తి చేశాడు. ఆ చెరువు ఇప్పటికీ చెరువుగానే ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. ఆ ఏడాదే కంభం చెరువుకూ, కర్నూలు కడప కాలువకూ అదే గౌరవం దక్కింది. మూడింటిలో రెండు మన జిల్లాలో కనిపిస్తాయంటే ఎంత సంతోషించాలో!

శాసనం చెప్పిన దోషాలు ఇంకా విలువైనవి. కట్టలోంచి నీరు ఊరడం ఒకటి. చౌడునేల ఒకటి. రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు కట్టడం ఒకటి, ఎందుకంటే కట్ట ఒకరిదీ నీళ్ళు ఇంకొకరివీ అయితే తగవు తెగదు. చెరువు మధ్యలో తాబేటి వీపులా ఎత్తు ఉండడం ఇంకొకటి, ఆ మేరకు గర్భం పోతుంది. చివరి రెండూ ఒకదానికొకటి ఎదురు: నీళ్ళు కొంచెం, నేల ఎక్కువ కావడం ఒకటి; నేల కొంచెం, నీళ్ళు ఎక్కువ కావడం ఇంకొకటి. ఆరు శతాబ్దాల కిందటి మాటలు ఇవి. నీటిపారుదల ఇంజనీరింగ్ చదివే పిల్లలకు మొదటి రోజే చెప్పాల్సిన పాఠం ఇది. మన కళాశాలల్లో ఎక్కడైనా చెబుతున్నారా అని నేను తరచూ అడుగుతుంటాను.

శాసనం చెప్పనిది, ఊళ్ళు నోటితో దాటించినది, చేతిపని. మన్ను తవ్వేది ఉప్పరులు, రాయి పగలగొట్టేదీ మోసేదీ వడ్డెరలు. తవ్విన గుంట మధ్యలో అక్కడక్కడా మట్టిదిబ్బలను తవ్వకుండా వదిలేవాళ్ళు. సాయంత్రం ఆ దిబ్బ ఎత్తును కొలిస్తే గుంట లోతు తెలుస్తుంది, లోతుతో పని తెలుస్తుంది, పనితో కూలి తెలుస్తుంది. కాగితం లేని కాలంలో ఎవరూ మోసం చేయలేని లెక్క అది. తెచ్చిన మన్నును పొరలు పొరలుగా పోసి, నీళ్ళు చల్లి, ఎద్దులను తోలి తొక్కించేవాళ్ళు. పొర గట్టిపడకుండా పైపొర వేస్తే ఆ సందులోనే నీరు దారి చేసుకుంటుంది. శాసనం మొదటి దోషంగా చెప్పిన ఊట మొదలయ్యేది అక్కడే.

పాతచెరువుల తూమును ఒకసారి దగ్గరగా చూడండి. పులివెందుల వైపు పల్లెల్లో ఇంకా కొన్ని మిగిలాయి. నీళ్ళలో రెండు రాతికంబాలు నిలబడి ఉంటాయి, వాటి మధ్య అడ్డరాళ్ళు, ఆ రాళ్ళకు నిలువునా ఒకే వరసలో రంధ్రాలు. అన్నిటికంటే కింది బండకు ఉన్న రంధ్రమే నీళ్ళు పోయే దారి. మొనదేలిన కొయ్య బిరడాకు పొడవాటి వాసం బిగించి, పైరంధ్రాల గుండా దించి, ఆ కిందిరంధ్రంలో కూర్చోబెడతారు. వాసం కొద్దిగా ఎత్తితే కొద్ది నీళ్ళు, పూర్తిగా ఎత్తితే నిండు ధార. పై రంధ్రాలు వాసాన్ని పక్కకు ఒరగనివ్వవు కాబట్టి ఎంత నీటి ఒత్తిడి ఉన్నా బిరడా సరిగ్గా తన చోటికే వచ్చి కూర్చుంటుంది. ఇనుము లేదు, మర లేదు, పాడైతే ఊరి వడ్రంగి పూటలో చేసిస్తాడు.

మరవ దగ్గర ఇంకో తెలివి ఉంది. చెరువు నిండి పొర్లినప్పుడు నీళ్ళు పోయే రాతికట్టడమే మరవ. దాని మీద వరసగా నిలువురాళ్ళు నాటి ఉంటాయి. పెద్ద వానలు పడే రోజుల్లో ఆ రాళ్ళ మధ్య ఖాళీలను అలాగే వదిలేస్తారు, వరద సాఫీగా పోతుంది. వానాకాలం చివరికి వచ్చాక, ఇక పెద్ద వరద రాదనుకున్నాక, ఆ ఖాళీలను గడ్డిపెళ్ళలతో, బంకమన్నుతో పూడ్చి ఇంకో మూరెడు నీళ్ళు నిలబెట్టుకుంటారు. అదే చెరువు, అదే కట్ట. కాలాన్ని బట్టి రెండు ఎత్తులు. తొందరపడి ముందే పూడిస్తే కట్టకు గండి పడుతుంది, ఆలస్యం చేస్తే మూరెడు నీళ్ళు దిగువకు పోతాయి. ఆ మూరెడు నీళ్ళే ఒక్కోసారి పంట చివరి తడి అవుతాయి. ఎప్పుడు పూడ్చాలో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురే ఉండేవాళ్ళు, వాళ్ళ మాటకు అందరూ విలువిచ్చేవాళ్ళు. మరవ పారిన నీరు కూడా వృథా కాదు. ఆ నీరు దిగువ ఊరి చెరువుకు చేరుతుంది, అది నిండితే దాని దిగువ చెరువుకు. ఇలా గొలుసుకట్టుగా కట్టిన చెరువుల్లో ఒక ఊరి మిగులు ఇంకో ఊరి ఆదాయం.

నీళ్ళ పంపకం నీరుగంటి చేతిలో ఉండేది. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కాలువకు ఏ వంతు, ఎవరి మడి ఎండుతోంది, అన్నీ అతడికి తెలియాలి. కళ్ళంలో కొలిచే గింజల్లో అతడికో వాటా. చెరువు బాగు కోసం దశబంధం అనే పద్ధతి ఉండేది. చెరువు కట్టించినవాడికి, తెగిన కట్టను బాగుచేయించినవాడికి ఆయకట్టు భూమి శిస్తులో పదోవంతు వంటి భాగాన్ని వదిలేవాళ్ళు, చెరువును చూసుకుంటూ ఉండాలన్న షరతు మీద. అంటే చెరువు పండితేనే అతడికీ పండుతుంది. ఇంత సూటిగా లాభాన్నీ బాధ్యతనూ ఒకటిగా ముడివేసిన ఏర్పాటు ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు. ఏటా ఎండాకాలం ఊరంతా కలిసి చెరువు మన్ను తీసి పొలాలకు తోలుకోవడం ఇంకో ఆచారం. చెరువు లోతవుతుంది, పొలానికి సారం దక్కుతుంది. తర్వాత పరాయి ప్రభుత్వం ఈ పనులను తన చేతుల్లోకి తీసుకుంది. మద్రాసు రాజధానిలో ఊరివాళ్ళు తామే చేసుకునే కుడిమరామత్తును 1858లో చట్టం చేసి నిర్బంధ పని చేసింది. ఇష్టంతో చేసిన పని శిక్షలా మారితే కట్టల మీద కంపచెట్లు మొలవడం సహజం. 1876, 78 మధ్య వచ్చిన ధాత కరువులో ఊళ్ళు ఖాళీ అయినప్పుడు ఎండిన చెరువులను బాగుచేసే చేతులు కూడా పోయాయి.

ఇప్పుడు కోటలోకి వెళ్దాం. గండికోట కొండ పైభాగం గట్టి రాయి. పడిన వాన పడినట్టే జారిపోతుంది. అలాంటి చోట, కోటను ఏలిన పెమ్మసాని నాయకుల కాలంలో వందలమంది ఎలా బతికారన్నది లోయ కంటే ఆసక్తికరమైన ప్రశ్న. జవాబు కోట లోపలే ఉంది: రాయల చెరువు, కత్తుల కోనేరు, బావులు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావర్నియే, కొండ మీది చిన్న మైదానంలో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయని, చిన్న ఊటలు వాటికి నీరిస్తున్నాయని రాశాడు. అంతకు ముందే కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చింది. ముట్టడికి తట్టుకోవాలంటే గోడలు ఎత్తుగా ఉంటే చాలదు. ధాన్యాగారం పక్కనే నీళ్ళుండాలి. గండికోటలో జామియా మసీదు, ధాన్యాగారం, కోనేరు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉండడం అనుకోకుండా జరిగింది కాదు. మాధవరాయ స్వామి గుడి దగ్గర నుంచి లోయ అంచు దాకా నడిచి, అక్కడ కూర్చుని, కింద నిలబడిన నీళ్ళు మైలవరం కట్ట ఆపినవని గుర్తు చేసుకోండి. లోయ అందానికి ఆ ఆనకట్ట కూడా కొంత కారణం.

కోటకు ఎగువన ఉన్నది గండికోట జలాశయం, 26.85 టీఎంసీలది. గాలేరు నగరి పథకంలో కృష్ణమ్మ నీళ్ళు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా, అవుకు దాటి, సొరంగాల్లో నడిచి ఇక్కడికి చేరతాయి. దీని ఒడ్డున నిలబడితే ఆనందం ఒక్కటే కలగదు, కలగకూడదు కూడా. ఈ నీళ్ళ కింద కొండాపురం మండలపు ఊళ్ళున్నాయి. తాళ్ళప్రొద్దుటూరు వంటి పెద్ద గ్రామాలు ఇళ్ళూ గుళ్ళూ శ్మశానాలూ వదిలి లేచిపోయాయి. పాత చెరువులు కూడా నేల ముంచాయి. కాకపోతే మునిగే నేలా, తడిసే నేలా ఆ ఊరివే. నేల మునిగినవాడికి ఆయకట్టులో మడి దొరికేది. ఇప్పుడు మునిగేది ఒకచోట, పండేది ఇంకోచోట. రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు వద్దన్న ఆ పాత జాగ్రత్తను పునరావాసపు లెక్కలు వేసేవాళ్ళు గుర్తుంచుకుంటే, నీళ్ళ కోసం ఊరిచ్చినవాళ్ళకు నీళ్ళలో వాటా కూడా ఉండాలని తడుతుంది.

ప్రొద్దుటూరు వైపు దిగితే నీళ్ళ రంగు, నడక రెండూ మారతాయి. ఇక్కడ చూడాల్సింది కర్నూలు కడప కాలువ, అంటే కేసీ కాలువ. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870కి పూర్తి చేసింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయల్దేరి 300 కిలోమీటర్లకు పైగా నడిచి కడప చేరే ఈ కాలువను పొలాలకే కాదు, పడవలకూ కట్టారు. కంపెనీకి లాభం రాక 1882లో ప్రభుత్వం కొనేసింది, పడవలు తర్వాత ఆగిపోయాయి. దారిలో కుందూ మీద రాజోలి ఆనకట్ట, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట చూడొచ్చు. కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వరిమళ్ళ మధ్య పోవడం ఈ యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం. గట్టు చదునుగా ఉంటుంది, తుమ్మచెట్ల నీడ అక్కడక్కడా దొరుకుతుంది.

పెన్న ఇసుకలో ఇంకో పాత పని ఉంది: ఊటకాలువ. ఎండాకాలం ఏరు పైకి ఎండినా ఇసుక అడుగున నీరు నడుస్తూనే ఉంటుంది. ఏటి గర్భంలో వాలుకు తగినట్టు సన్నని కాలువ తవ్వుకుంటూ పోతే, కొంతదూరం తర్వాత ఇసుకలోని నీరు దానంతటదే కాలువలోకి ఊరి, గట్టు దాటి పొలంలోకి వస్తుంది. ఎత్తే యంత్రం అక్కర్లేదు, వాలు తెలిస్తే చాలు. పాపఘ్ని వెంట కూడా ఈ పద్ధతి ఉండేది. వరద వచ్చిన ప్రతిసారీ ఇసుకతో పూడిపోతుంది కాబట్టి ఏటా తవ్వాలి, ఏటా అందరూ కలవాలి. ఇసుకను లారీలు తోడుకుపోయినచోట ఆ ఊట కూడా పోయింది. ఏటి ఇసుక ఒక నీళ్ళతొట్టి అని తెలిసినవాళ్ళకు ఇసుక తవ్వకం ఎంత నష్టమో అర్థమవుతుంది.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టూ పోతుంటే దారిపొడుగునా బండలు కనిపిస్తాయి: పొలాల చుట్టూ కంచెలుగా నిలబెట్టినవి, దొడ్డిగోడలు, మిద్దెలు. ఈ సున్నపురాయికి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు జమ్మలమడుగు దగ్గరి నార్జి ఊరిది. ఇది పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి గడ్డపార, ఉలి, సుత్తితోనే బల్లపరుపు పలకలు లేస్తాయి. చెరువు కట్టలకు నీటివైపు పరిచిన బండలూ ఇవే. పాత మిద్దెల్లో దూలాల మీద ఈ బండలు పరిచి, పైన చౌడుమన్ను తొక్కించేవాళ్ళు. చెరువుకు దోషమైన చౌడు మిద్దెకు మంచిదైంది. తడిస్తే పైపొర జిడ్డుగా బిగుసుకుని, నీటిని లోపలికి పోనివ్వకుండా జారవిడుస్తుంది.

పులివెందుల సీమ ఎత్తైనది, ఎండు నేల. ఒకప్పుడు కపిల బావులే ఆధారం. చీనీ తోటలు, అరటి ఇప్పుడు కనిపిస్తాయంటే అందుకు కారణం పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద ఉన్న బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, 10 టీఎంసీలది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళకు తోడు గండికోట నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు కూడా ఇక్కడికి చేరుతున్నాయి. సింహాద్రిపురం మండలంలో పైడిపాలెం జలాశయం ఇంకో 6 టీఎంసీలు పట్టుకుంటుంది. పార్నపల్లె ఒడ్డు సాయంత్రం నాలుగు తర్వాత బావుంటుంది. ఎర్రటి కొండల మధ్య నీళ్ళు మెల్లగా రంగు మారుతుంటాయి, కుటుంబాలు పిల్లలతో వస్తాయి.

ఎత్తిపోతలను తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. చీనీచెట్టు ఎండిపోతుంటే ట్యాంకర్లతో నీళ్ళు తోలిన రైతులను ఈ సీమ చాలా ఏళ్ళు చూసింది. పంపులు ఎత్తిన నీళ్ళు మాత్రం కరెంటున్నంత కాలమే వస్తాయి. ఊరి చెరువు నీటిని ఎత్తాల్సిన పనిలేదు, అది పోయే దారిలోనే ఆపితే చాలు. అందుకే పెద్ద జలాశయాల నీళ్ళతో ముందు ఊరి చెరువులను నింపాలని, వాటి తూములనూ మరవలనూ బాగుచేయాలని, నీరుగంటికి మళ్ళీ పని, జీతం ఇవ్వాలని అడుగుతున్నాను. నీళ్ళు కొంచెమై నేల ఎక్కువైతే దోషమన్న ఆ పోరుమామిళ్ళ శాసనాన్ని తెలుగులో పెద్ద పలకల మీద రాయించి మైలవరం కట్ట మీద ఒకటి, గండికోటలో రాయల చెరువు దగ్గర ఒకటి, పార్నపల్లె ఒడ్డున ఒకటి నిలబెట్టాలి. పక్కనే రాతితూము, మరవ నమూనాలు చేసి పెట్టి, బడిపిల్లలు తమ చేతులతో బిరడా ఎత్తి, నీళ్ళు ఎలా వస్తాయో చూసుకునేలా ఏర్పాటు చేయాలి. రాయి మన ఊళ్ళోనే దొరుకుతుంది, చెక్కే వడ్డెరలు ఇప్పటికీ నార్జి గనుల దగ్గర ఉన్నారు.